అరిగిన వైపు

అక్క పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక నాకు రెండు మిగిలాయి. కర్టెన్లు కుట్టే పని ఒకటి, కారు ఒకటి. పని నాకు పూర్తిగా వచ్చు. కారు సగం వచ్చు.

సగం అని ఎందుకంటున్నానంటే, ఆ కారుని మేమిద్దరం కలిసి నడిపేవాళ్ళం. స్టీరింగు, బ్రేకు, క్లచ్చి అక్కవి. గేరు నాది. నేను స్కూల్లో ఉన్నప్పుడు ఒక చలికాలం అక్కకి ఎడమ భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. కుట్టిన కర్టెన్లు ఇళ్ళకి చేర్చాలి, కొత్త ఇళ్ళకి కొలతలకి వెళ్ళాలి. "నేను క్లచ్చి తొక్కి ఊఁ అంటాను, నువ్వు గేరు మార్చు" అంది అక్క. కొన్నాళ్ళకి ఊఁ అనడం కూడా మానేసింది. ఇంజను గొంతు మారగానే ఎడమ సీట్లో కూర్చున్న నా కుడిచెయ్యి దానంతట అదే లేచేది. ఒకటో గేరు నా వైపు, ముందుకి. రెండోది నా వైపు, వెనక్కి. మూడు, నాలుగు అక్క వైపు. అలా నాకు పెళ్ళి సంబంధాలు వచ్చే వయసు దాటి, అక్కకే పెళ్ళి కుదిరేదాకా నడిపాం.

కారు మా ఇద్దరికంటే ముందు పుట్టింది. గుండ్రటి దీపాలు, తలుపులకి ఇత్తడి రంగు పిడులు. సిగ్నలు దగ్గర ఆగితే పక్కనున్నవాళ్ళు ఫోను తీసి ఫొటో తీసుకునేవారు. అన్నయ్య మాత్రం దాన్ని మ్యూజియం అంటాడు. "మ్యూజియం బయల్దేరిందా?" "మ్యూజియానికి పెట్రోలు పోశారా?"

అక్క వెళ్ళిన కొన్నాళ్ళకి అన్నయ్య ఫోను చేశాడు.

"ఒక్కదానివే ఆ ఇంట్లో ఏం చేస్తావే? ఆ డొక్కుని ఎవరికైనా ఇచ్చేసి సామాను సర్దుకో. ఆదివారం వస్తాను. మీ వదిన నీకోసం గది కూడా ఖాళీ చేసింది."

"ఇక్కడ పనుంది అన్నయ్యా."

"మా ఊళ్ళో ఇళ్ళకి కిటికీలు లేవనుకున్నావా? ఇక్కడే కుట్టుకో."

"ఇక్కడైతే అందరూ తెలిసినవాళ్ళు."

"తెలిసినవాళ్ళు సరే. సరుకు ఎవరు చేరుస్తారు? ఆటోలో కుక్కితే కుచ్చులన్నీ నలిగిపోతాయని మీ అక్కేగా అనేది."

"కారులో నేనే తీసుకెళ్తాను."

 అన్నయ్య మెల్లగా అడిగాడు. "నీకు నడపడం వచ్చా?"

"లైసెన్సు తీసుకున్నాను."

"లైసెన్సు సంగతి కాదు నేనడిగింది. సరే, ఆదివారం నన్ను ఎక్కించుకుని నడిపి చూపించు. నడిపితే నేనింక నోరెత్తను. లేకపోతే మాత్రం నాతో వచ్చెయ్యాలి. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను.

అన్నయ్య వాళ్ళు మంచివాళ్ళు. ఇంతకుముందు ఒకసారి వాళ్ళింట్లో కొన్నాళ్ళున్నాను. పిల్లలు చదువుకుంటున్నారేమోనని కుట్టు మిషను తొక్కేముందు తలుపు దగ్గర నిలబడి అడిగేదాన్ని. ఫ్యాను వేసుకోవాలన్నా అడిగేదాన్ని. "అడుగుతావేంటి, నీ ఇల్లే కదా" అని వదిన ప్రతిసారీ అనేది. ప్రతిసారీ అనాల్సి రావడంలోనే నాకు అర్థమయ్యేది, అది నా ఇల్లు కాదని.

అక్క పెళ్ళి ఖాయమైనప్పుడే డ్రైవింగు స్కూల్లో చేరి, వాళ్ళ చిన్న కారు మీద నేర్చుకున్నాను. అక్కడ బాగానే వచ్చింది. మా కారు దగ్గరికి వచ్చేసరికి గేరు కడ్డీ చేతిలో నిలిచేది కాదు. ఊడబోయే పాలపన్నులా ఎటు తోస్తే అటు వాలిపోయేది. ఎడమ సీట్లో కూర్చుంటే దాని వదులు నాకు తెలుసు. ఎంత లాగితే ఏ గేరు పడుతుందో అరచేతికి తెలుసు. డ్రైవరు సీట్లో కూర్చుంటే అదే కడ్డీ ముక్కూమొహం తెలియని మనిషైపోయేది. కడ్డీ బిగిస్తే అంతా సర్దుకుంటుందనుకున్నాను.

మా వీధి చివర ఒక మెకానిక్కు ఉన్నాడు. ఏ బండి ఎంత తొందరగా కావాలన్నా "నిదానం, నిదానం" అంటాడు. అందుకే ఆయన్ని అందరూ నిదానం మేస్త్రి అంటారు. ఆయన పేరేమిటో ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. నేను వెళ్ళి పిలిస్తే, చేతులు తుడుచుకుంటూ మా షెడ్డుకి వచ్చాడు.

"ముందు ఒక చుట్టు తిప్పి చూద్దాం తల్లీ. నువ్వూ ఎక్కు. ఎప్పుడెప్పుడు చప్పుడొస్తోందో చెబుదువుగాని."

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. నేను నా సీట్లో కూర్చున్నాను. వీధి మలుపు దాటాక ఇంజను గొంతు పెరిగింది. ఆయన క్లచ్చి తొక్కాడు. గేరు మార్చడానికి చెయ్యి దించేసరికి నా చెయ్యి అప్పటికే కడ్డీ మీద ఉంది. ఆయన చెయ్యి నా చేతి మీద పడింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు. నేనూ లాక్కున్నాను. గేరు ఎక్కడా పడలేదు. కారు గరగరలాడుతూ పాలబూత్ ముందు ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు. కోపం లేదు, భయపడ్డాడు. "నా మీద నమ్మకం లేదా ఏంటి?"

 మా సంగతంతా చెప్పాను. అక్క భుజం, నా చెయ్యి, ఊఁ అనడం. ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నాడు.

"అంటే ఇన్నేళ్ళూ ఈ కారుకి ఇద్దరు డ్రైవర్లన్నమాట. పోలీసులు పట్టుకుంటే ఎవర్ని అడగాలి లైసెన్సు?" అని నవ్వాడు. మళ్ళీ తాళం తిప్పుతూ, "ఇప్పుడు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకో తల్లీ. నాకు ఇంట్లో పెళ్ళాంపిల్లలున్నారు" అన్నాడు.

షెడ్డులోకి తిరిగి వచ్చాక పని మొదలుపెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. ముందు కడ్డీ మీది నల్లటి పిడిని తిప్పి తీశాడు. దాని మీద గేర్ల అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. తర్వాత కింద రబ్బరు తొడుగు. అది చిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. దాని కింద రేకు, రేకుకి స్క్రూలు. ఒక స్క్రూ తుప్పు పట్టి కదల్లేదు. మేస్త్రి దాని మీద నూనె చుక్క వేసి, టీ తెచ్చుకుని తాగాడు. టీ అయ్యాక తిప్పితే వచ్చింది. రేకు తీసి, స్ప్రింగు వదులు చేసి, కడ్డీని ముల్లంగి పీకినట్టు పైకి పీకాడు.

కడ్డీ చివర ఇనుప గుండు ఉంది. ఆ గుండు తిరగడానికి ప్లాస్టిక్కు గిన్నెలాంటిది ఒకటి ఉంటుందట. దాన్ని బుష్షు అంటారు. మేస్త్రి దాన్ని వేలితో తీసి, గుడ్డతో తుడిచి, నా టార్చి ముందు పెట్టాడు. ఒక వైపు అంచు మందంగా, కొత్తదానిలా ఉంది. రెండో వైపు గోరంత పల్చగా అరిగి, అక్కడే చీలింది.

"చూశావా? ఎవరైనా డ్రైవరు వైపుకి లాగుతారు. ఇది అటు అరగాలి. నీది ఇటు, పక్క సీటు వైపు అరిగింది. నువ్వు చెప్పకపోయుంటే ఇది చూసి నాకు పిచ్చెక్కేది."

"కొత్తది దొరుకుతుందా?"

"ఈ కారుకా? కొట్లో అడిగితే నవ్వుతారు. కొలత తీసుకుని లేతు మిషను మీద కొత్తది చేయిస్తాను. రేపు తెస్తా. నిదానం."

వెళ్ళేముందు కడ్డీని నేల మీద పడుకోబెట్టి వేలితో తోశాడు. అది దొర్లలేదు. సగం తిరిగి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఇది వంగుంది" అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని దగ్గరగా చూశాడు. "దానంతటది వంగింది కాదు. కాల్చి వంచారు. ఇక్కడ నలుపు చూడు. పక్క సీటు వైపుకి వంచారు. ఎవరు చేయించారు?"

ఆ కారు గేరు పుట్టుకతోనే అలా ఉంటుందని నేను అనుకుంటూ వచ్చాను. ఎప్పుడూ నా మోకాలి పక్కకే వచ్చి ఉండేది. డ్రైవింగు స్కూలు కారులో అలా లేకపోతే, కొత్త కార్లు వేరేగా ఉంటాయేమో అనుకున్నాను.

"నిటారుగా చేయించమంటావా, అలాగే ఉంచనా? పొద్దున్నే చెప్పు. లేతు పక్కనే వెల్డింగు షాపు" అని, బుష్షుని కాగితంలో చుట్టుకుని, కడ్డీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కడ్డీ పీకిన చోట దుమ్ము పడకుండా ఒక లైనింగు గుడ్డ కప్పాను. సాయంత్రం దాకా కుట్టు పని చేశాను కానీ కుచ్చులు సమంగా రాలేదు. విప్పి మళ్ళీ కుట్టాను. తర్వాత అక్కకి ఫోను చేశాను.

"ఏమే, తిన్నావా?"

"ఇంకా లేదు. అక్కా, గేరు కడ్డీ నువ్వు వంచించావా?"

"ఏ కడ్డీ?" అంది. తర్వాత గుర్తొచ్చినట్టుంది. "ఓ అదా. నీ చెయ్యి అందేది కాదుగా. ముందుకి వంగి వంగి వేసేదానివి. వెల్డింగు వాడి దగ్గరికి తీసుకెళ్ళి వంచించా."

"భుజం తగ్గితే మళ్ళీ నీకే కష్టమయ్యేదిగా."

 వెనకాల బావగారు టీవీ చప్పుడు పెంచడం వినబడింది.

"భుజం ఆ వేసవికే తగ్గిపోయింది" అంది.

"ఏ వేసవికి?"

"పట్టేసిన ఏడాది వేసవికే."

నేను మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

"మరి నాకు చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అమ్మ పోయాక నువ్వు మాట్లాడటమే మానేశావు. కారెక్కితే కిటికీలోంచి చూస్తూ కూర్చునేదానివి. దిగేదాకా ఒక్క మాట ఉండేది కాదు. గేరు ఇచ్చాక నా వైపు చూడటం మొదలుపెట్టావు. మళ్ళీ లాక్కోవాలనిపించలేదు."

"కావాలంటే నాకు స్టీరింగే నేర్పించి ఉండొచ్చుగా."

"నేర్పిస్తే నువ్వొక్కదానివే పోయేదానివి" అంది అక్క. అని చిన్నగా నవ్వింది. "అప్పుడు నేనేం చెయ్యాలి, ఇంట్లో కూర్చుని?"

ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. వెళ్ళిపోయింది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆ మాట నేను అనలేదు. అంటే అక్క ఏడుస్తుంది. పెళ్ళైన ఆరు నెలల్లో తనకి ఏడవాల్సిన అవసరం రాలేదు, నేను తెప్పించడం ఎందుకు?

"ఇప్పుడు మా అత్తారింటి కారు నేనే నడుపుతున్నా" అంది. "ఆయన పక్కన కూర్చుని హాయిగా గురక పెడతాడు. గేరు వెయ్యమంటే వేస్తాడా? క్లచ్చి ఏదో, చెప్పు ఏదో తెలీదు ఆయనకి." నేను ఊఁ కొట్టాను. ఆదివారం అన్నయ్య వస్తున్నాడని మాత్రం చెప్పాను. వాడు పెట్టిన షరతు చెప్పలేదు.

పొద్దున్నే మేస్త్రి దుకాణం తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను.

"నిటారుగా కాదు, అటు వైపుకి వంచండి" అన్నాను.

"ఎటు?"

"డ్రైవరు వైపుకి."

"బాగా ఆలోచించుకున్నావా? పక్క సీటు నుంచి అందదు మళ్ళీ."

"పక్క సీట్లో ఎవరూ ఉండరు కదండీ."

ఆయన తల ఊపి దుకాణం షట్టరు ఎత్తాడు. మధ్యాహ్నానికి కడ్డీ, తెల్లటి కొత్త బుష్షు తెచ్చాడు. నేను ఆ లోపల రబ్బరు తొడుగు బదులు నల్ల రెగ్జిను ముక్కతో కొత్త తొడుగు కుట్టి ఉంచాను. నాలుగు ముక్కలు కలిపి, అంచులు లోపలికి మడిచి, డబుల్ కుట్టు వేశాను. మేస్త్రి గ్రీజు పూసి బుష్షు కూర్చోబెట్టాడు, కడ్డీ దించాడు, స్ప్రింగు నొక్కి రేకు బిగించాడు. తొడుగు వేసి చూసి, "నా స్కూటరు సీటుకి కూడా ఒకటి కుట్టిపెట్టు" అన్నాడు. కడ్డీని అటూ ఇటూ కదిపాడు. టక్కుమని పడింది. చప్పుడు లేదు, వదులు లేదు. కొత్త తలుపు గడియలా ఉంది.

ఆయన వెళ్ళాక నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. స్టార్టు చేశాను. క్లచ్చి తొక్కి, ఎడమచేత్తో గేరు వేసి, క్లచ్చి వదిలాను. కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగిపోయింది. కడ్డీ పట్టు బాగుంది, బుష్షు బాగుంది. తప్పు ఎక్కడుందో తెలియడానికి కాసేపు పట్టింది. నేను ప్రతిసారీ గేరుని నా వైపుకి లాగి ముందుకి తోస్తున్నాను. ఆ సీట్లోంచి నా వైపు అంటే ఒకటో గేరు కాదు, మూడు. నా చేతికి అంకెలు తెలియవు. నా వైపు, అక్క వైపు, అంతే తెలుసు. స్కూలు కారులో చెయ్యి కొత్త చోట కొత్తగా నేర్చుకుంది. ఈ కారు లోపలికి రాగానే పాత పాఠం అప్పజెబుతోంది. వదులుగా ఉన్నప్పుడు కడ్డీ ఆ తప్పులన్నీ కలిపేసి దాచేది. ఇప్పుడు బిగించాక ఒక్కటీ దాచడం లేదు.

ఆ వారమంతా ఇంజను ఆపి, షెడ్డులోనే కూర్చుని గేర్లు మార్చాను. కుట్టు మధ్యలో లేచి వెళ్ళేదాన్ని. నా వైపు కాదు, అవతలికి. అవతలికి, ముందుకి. అవతల ఖాళీ సీటు. అలవాటు పడటానికి దాని వైపు చూడకుండా ఉండాలి. చూస్తే చెయ్యి ఆగిపోయేది. పక్కింటి పిన్ని గోడ మీంచి చూసి, "పెట్రోలు పొయ్యకుండా ఎక్కడిదాకా వెళ్ళొచ్చావే?" అని అడిగింది. "ఇప్పుడే సందు చివరిదాకా పిన్నీ" అన్నాను.

ఆదివారం అన్నయ్య వచ్చాడు. ఖాళీ సూట్‌కేసు ఒకటి తెచ్చాడు, నాకోసం. నేను సామాను సర్దలేదని చూశాడు. కాఫీ తాగి, "పద, మ్యూజియం చూద్దాం" అన్నాడు.

ఎడమ సీట్లో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. వీధిలో బాగానే నడిపాను. బజారులో బాగానే నడిపాను. అన్నయ్య తలుపు పిడి పట్టుకుని, నేనెప్పుడు బ్రేకు వేస్తానా అని తన కాలు కూడా నేలకి నొక్కుతున్నాడు. "వంతెన మీదుగా వెళ్ళు" అన్నాడు.

రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుంటే ముందున్న లారీ ఆగింది. నేనూ ఆగాను. లారీ కదిలింది. నేను క్లచ్చి తొక్కాను, గేరు వేశాను, వదిలాను. ఇంజను ఆగిపోయింది. కారు వెనక్కి జారింది. వెనక బస్సు హారను మోగించింది. అన్నయ్య చెయ్యి హ్యాండుబ్రేకు మీదికి వెళ్ళింది. లాగాడు. కారు నిలబడింది.

మూడు వేశాను. అన్నయ్య పక్కన ఉండేసరికి చెయ్యి మళ్ళీ వెనకటికి వెళ్ళిపోయింది.

"దిగు, నేను నడుపుతాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. నా బట్టలు అప్పటికే ఆ సూట్‌కేసులో పెట్టేసినట్టు అనిపించింది.

"వద్దు" అన్నాను.

"వెనక బస్సుంది."

"ఉండనీ. నాతో మాట్లాడకు అన్నయ్యా. అటు కిటికీలోంచి చూడు."

ఏమనుకున్నాడో, తల అటు తిప్పుకున్నాడు. నేను తాళం తిప్పాను. కడ్డీని పట్టుకుని, అన్నయ్య మోకాలి వైపుకి తోసి, ముందుకి నెట్టాను. టక్కుమంది. ఇంజను బరువెక్కేదాకా క్లచ్చి మెల్లగా వదిలి, హ్యాండుబ్రేకు దించాను. కారు ఒక్క క్షణం ఎటూ వెళ్ళలేదు. తర్వాత ఎక్కింది.  వంతెన దిగుతుంటే రెండో గేరు, మూడో గేరు వాటి చోట అవే పడ్డాయి.

సాయంత్రం అన్నయ్యని ఇంటి నుంచి తీసుకెళ్ళి బస్టాండు దగ్గర ఆపాను. అన్నయ్య ఖాళీ సూట్‌కేసు వెనక సీట్లోంచి తీసుకున్నాడు. కిటికీలోకి వంగి నిలబడ్డాడు.

"మీ వదినకి చెప్తాలే, ఆ గదిలో ఇస్త్రీ బల్ల వేసుకోమని" అన్నాడు. "పండక్కో పబ్బానికో అయినా రా. మ్యూజియంలో రాకు, మధ్యలో ఆగిపోతే నేను తోయలేను."

"వస్తాను."

వాడు బస్సెక్కేదాకా ఉండి చెయ్యి ఊపాను. సంతోషం వస్తుందనుకున్నాను. వచ్చింది కానీ చెప్పుకోవడానికి కారులో ఎవరూ లేరు. తిరిగి వస్తుంటే ప్రతి గేరూ సరిగ్గా పడింది.

మర్నాడు పళ్ళ డాక్టరమ్మగారి ఇంటికి కర్టెన్లు తీసుకెళ్ళాను. నలగకుండా వెనక సీట్లో పొడుగ్గా పరిచి, మిగిలినవి ఎడమ సీట్లో నిలువుగా పెట్టి, జారిపోకుండా బెల్టు వేశాను. ఆవిడ గేటు తీసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసింది.

"ఒక్కదానివే వచ్చావా? అక్క రాలేదేం?"

"పెళ్ళైందండీ. వేరే ఊళ్ళో ఉంటోంది."

"అలాగా. మరి కారు ఎవరు నడిపారు?"

"నేనేనండీ."

హాలు కిటికీ పెద్దది. కర్టెను గొట్టం గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉంది. రింగులన్నీ దూర్చి పైకి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ఎప్పుడూ ఇద్దరం ఎత్తేవాళ్ళం. నేను స్టూలెక్కి ఈ చివర కొక్కెంలో పెట్టాను. ఆ చివర కిందికి వాలింది. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"డాక్టరుగారూ" అని పిలిచాను. "ఆ కుర్చీ ఎక్కి ఆ చివర కొంచెం పట్టుకుంటారా?"